మా ఆయన కుడి మోకాలు

మా ఆయనకి రెండే పనులు వచ్చు: జుట్టు కత్తిరించడం, పరిగెత్తడం. మొదటిది మాకు తిండి పెడుతుంది. రెండోది ఇరవై ఆరేళ్లుగా నా ప్రాణం తీస్తోంది. తెల్లారకముందే లేచి గంటసేపు పరిగెత్తి, చెమటలు కక్కుకుంటూ వస్తాడు. మిమ్మల్ని ఎవరు తరిమారండీ అంటే నవ్వుతాడు.

నిరుడు వానాకాలంలో కుడి మోకాలు పట్టేసింది. ఇక చూడండి, షాపుకొచ్చే ప్రతివాడూ వైద్యుడే. తారు రోడ్డు పక్కకి వాలి ఉంటుంది, ఒక కాలు ఎప్పుడూ పల్లంలో పడుతుంది అన్నాడు లారీ డ్రైవరు. సరేనని ఈయన సిమెంటు రోడ్డు పట్టాడు. అది మరీ గట్టిది, దెబ్బంతా ఎముకకే తగులుతుంది అన్నాడు తాపీమేస్త్రీ. బడి మైదానంలో గడ్డి మీదకి మారాడు. గడ్డి కింద గుంటలున్నాయి, చీలమండ మడత పడింది. చివరికి ఏటి ఇసుక. మెత్తగా ఉందని మురిసిపోతూ వచ్చినవాడు సాయంత్రానికి పిక్క పట్టుకుని కూర్చున్నాడు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందట! ఇంతా చేస్తే మోకాలి నొప్పి మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. గట్టి నేల చెడ్డదైతే మెత్తటి నేల మంచిదవ్వాలి కదా? నాకు బుర్ర తిరిగిపోయింది.

డాక్టరు ఎక్స్‌రే తీయించి, లోపల అరుగుదల ఉంది, రెండు నెలలు పరుగు మానెయ్యమన్నాడు. అబద్ధమెందుకు, నా కడుపు చల్లబడింది. అడుసు తొక్కనేల కాలు కడగనేల అని ఇన్నాళ్లూ మొత్తుకున్నది నేనే. ఆయన బూట్లు తీసుకెళ్లి బియ్యం డబ్బా వెనకాల పడేశాను.

రెండు నెలలు గడిచాయి. నొప్పి తగ్గలేదు సరికదా, పెరిగింది. పొద్దున కాస్త నయం. షాపు మూసేసరికి ఇంటి మెట్లు ఎక్కలేకపోయేవాడు. పరిగెత్తనివాడికి పరుగు నొప్పేమిటి? డాక్టరు చెప్పింది తప్పా, నేను మొత్తుకున్నది తప్పా? ఏమీ పాలుపోలేదు.

ఓ మధ్యాహ్నం క్యారేజీ మరిచిపోతే ఇద్దామని షాపుకి వెళ్లాను. కుర్చీలో బ్యాంకు గుమాస్తా ఉన్నాడు. మా ఆయన కుర్చీకి కుడిపక్కన, ఒంటికాలి కొంగలా బరువంతా కుడికాలి మీద వేసి కత్తెర ఆడిస్తున్నాడు. రెండోవైపు కత్తిరించాలన్నా తను కదలడు, కుర్చీనే తిప్పుతాడు. ఆ తిరిగే కుర్చీ వచ్చిన రోజు ఇక అటూ ఇటూ తిరిగే శ్రమ తప్పిందని ఇద్దరం ఎంత సంబరపడ్డామో. ఇంతలో నా చూపు నేల మీద పడింది. సిమెంటు గచ్చు మీద పాదమంత మేర నున్నగా అరిగి పల్లం పడి ఉంది. ఒక్కటే పల్లం.

గుమాస్తా వెళ్లేదాకా ఆగి చూపించాను. పరిగెత్తేది రోజుకో గంట, ఇక్కడ నిలబడేది పది గంటలు, మనం ఆ గంటనే తిట్టుకున్నాం కదండీ అన్నాను. ఆయన చెప్పు విడిచి ఆ పల్లంలో కుడిపాదం పెట్టాడు. సరిగ్గా సరిపోయింది. ఆశ్చర్యపోతాడనుకున్నాను. పోలేదు.

"నాకు ఎప్పుడో అనుమానం వచ్చిందే," అన్నాడు. "రోడ్డుదే తప్పయితే బాగుండునని చూశాను. పరుగంటే మానెయ్యొచ్చు. నిలబడటం మానేస్తే తినేదేమిటి?"

అందుకా ఈ మనిషి నాలుగు నేలలూ తొక్కి వచ్చింది? పరుగు మీదే నేరం మోపాలని నాకంటే ఆయనే ఎక్కువ ఆశపడ్డాడు. నాకు ఏడుపొచ్చింది.

ఇంట్లో ఉన్న పాత బొంత మడతలు పెట్టి ఆ పల్లం మీద పరిచాను. ఎడమపక్క కూడా నిలబడమని పోరుతున్నాను. అలా నిలబడితే చెయ్యి ఆడదట. పరుగు మంచిదో చెడ్డదో నాకు ఇప్పటికీ తెలియదు, ఎవరినడిగినా తలో మాట చెబుతున్నారు. నిన్న మాత్రం బియ్యం డబ్బా వెనక నుంచి బూట్లు తీసి, దుమ్ము దులిపి, గుమ్మం దగ్గర పెట్టాను. ఆ కాలు ఎలాగూ మా కోసం అరుగుతూనే ఉంది. ఒక్క గంటైనా ఆయన కోసం అరగనీ.