గవాచిలోంచి దిగిన ముంత

మా ఇంటికీ పీరమ్మవ్వ ఇంటికీ మధ్య గోడ ఒకటే. మిద్దె కూడా ఒకటే అనుకోవచ్చు. చవుడు మట్టి పరిచిన ఆ మిద్దె మీద మా హద్దెక్కడో, ఆమె హద్దెక్కడో మా నాయనకు తప్ప ఎవరికీ పట్టేది కాదు. ఆయనకు హద్దులంటే ప్రాణం. ఆత్మకూరు అవతల నల్లమల కనబడేంత దూరంలో ఉండే మా ఊళ్లో, చేను ఎండినా రెడ్ల మీసాలు మాత్రం దిగేవి కావు. పక్కింటి ముసలమ్మను ఆయన పేరు పెట్టి కూడా పిలిచేవాడు కాదు.

పీరమ్మవ్వ దూదేకుల మనిషి. భర్త మాబు సాహెబ్ ఊరూరా తిరిగి దూది ఏకేవాడు. అతను పోయాక ఆమె పాత చీరలతో బొంతలు కుట్టి బతికేది. పిల్లల్లేరు. నోరు మాత్రం నలుగురి పెట్టు. ఆమె కుట్టే ప్రతి బొంత మధ్యలో ఒక ఎర్రగుడ్డ పడేది. ఎందుకవ్వా అని అడిగితే, చలికి కండ్లుంటాయనీ, ఎర్రగుడ్డను చూసి భయపడి పక్కకు పోతుందనీ చెప్పింది. చాలా ఏళ్లు నమ్మాను. ఇప్పుడు కూడా, చలికాలం వస్తే, కొంచెం నమ్ముతాను.

యాభై రెండులో కరువు వచ్చింది. అంతకుముందు వానలు దంచి కొట్టాయని కాదు గానీ, ఆ ఏడు గాదెలో జొన్నలు అడుగంటాయి. ఎద్దుల్ని సంతకు తోలేశాం. సాయంత్రానికి చెంచలాకో తుమ్మికూరో ఉడికితే అదే తిండి. చావిడి దగ్గర సర్కారువాళ్లు గంజి పోయించడం మొదలుపెడితే ఊరు సగం వరసలో నిలబడింది. మా నాయన ఓబుల్‌రెడ్డి మాత్రం మా గడప దాటి ఎవరూ అక్కడికి పోకూడదన్నాడు. పదిమందికి పెట్టిన చెయ్యి చాచడమా అన్నాడు. అమ్మ ఒళ్లో నెలల పిల్లవాడు, నా తమ్ముడు. తిండి లేక అమ్మకు పాలు పడడం లేదు. వాడు ఏడ్చీ ఏడ్చీ చివరికి ఏడవడం మానేశాడు. పసిపిల్లలున్న ఇల్లు అంత నిశ్శబ్దంగా ఉంటే నాకు ఇప్పటికీ భయమే.

మా వంటింటి మిద్దెకు అందరిళ్లలాగే గవాచి ఉండేది, పొగ పోవడానికీ వెలుతురు రావడానికీ వదిలిన కంత. ఒక మధ్యాహ్నం అందులోంచి తాడు కట్టిన గంజి ముంత దిగింది. పైన పీరమ్మవ్వ మొహం కనబడింది.

"మే రామలక్ష్మమ్మా, నువ్వు తాగు. నువ్వు తాగితేనే పిల్లోనికి పాలు."

అమ్మ ముంత అందుకుని వీధి తలుపువైపు చూసింది. తర్వాత గోడవైపు తిరిగి తాగింది. అడుగున మిగిలింది నాకిచ్చింది.

అప్పటినుంచి రోజూ ముంత దిగేది. మా అదృష్టం, సరిగ్గా ఆ వేళకే నాయన తలగుడ్డ చుట్టుకుని చేనుకు పోయేవాడు. గడ్డిపోచ లేని చేనులో మిట్టమధ్యాహ్నం ఏం పనో నాకర్థమయ్యేది కాదు. తమ్ముడు మళ్లీ ఏడుపు అందుకున్నాడు. అంత కమ్మని ఏడుపు నేను మళ్లీ వినలేదు.

ఒంటి మనిషికి అంత గంజి ఎవరు పోస్తారు? కూతురు పిల్లలతో సహా వచ్చి తన ఇంట్లో ఉందని చెప్పి పీరమ్మవ్వ పోయించుకునేది. ఎవరో చాడీ మోశారు. ఒకరోజు పొద్దున, గంజి పంచే సోమన్న ఆమె వాకిట్లోకి వచ్చాడు. పొరుగూరివాడు. కూతుర్ని చూపించమన్నాడు, లేకపోతే ఆమె వంతు కూడా ఆపేస్తానన్నాడు. వీధంతా మూగింది. అంత నోరున్న పీరమ్మవ్వ సూదిని బొంతలో గుచ్చి, తల వంచుకుని కూచుంది. మా పేరు చెబితే సరిపోయేది. చెప్పలేదు. మా తలుపు వెనక అమ్మ తమ్ముణ్ని అదుముకుని వింటోంది.

నాయన మంచం మీంచి లేచాడు. తలగుడ్డ లేకుండా ఆయన వీధిలోకి పోగా చూడడం నాకదే మొదలు.

"ఆయమ్మ అబద్ధం చెప్పలేదప్పా," అన్నాడు. "కూతురు, మనవరాలు, మనవడు మా ఇంట్లో ఉండారు. వచ్చి సూడు."

సోమన్న ఆయన మొహం చూశాడు, తర్వాత నేల చూశాడు, వెళ్లిపోయాడు. రోజూ ఆ ఎండిన చేనులో నాయనకున్న పనేమిటో నాకప్పుడు తెలిసింది. ముంత దిగడానికి ఆయన ఇంట్లోంచి తప్పుకునేవాడు.

ఆ మధ్యాహ్నం ఆయన చేనుకు పోలేదు. మా ఇత్తడి చెంబు తీసుకుని, నా చెయ్యి పట్టుకుని చావిడికి నడిచాడు. వరసలో పీరమ్మవ్వ వెనక నిలబడ్డాడు. ఆమె తిరిగి చూసి, గాబరాపడి పక్కకు జరిగి, ఆయన్ను ముందుకు పొమ్మంది.

నాయన కదల్లేదు.

"ముందు నువ్వు పోయించుకో, అత్తా," అన్నాడు.