నేను నొక్కిన డంప్ బటన్

పారమట్టా దగ్గర ఒక కమ్యూనిటీ రేడియో స్టేషన్‌లో ట్రైనీ ప్యానెల్ ఆపరేటరుగా నేను చేరింది ఆగస్టు నెలలో. మాస్టర్స్ రెండో సెమిస్టరు అప్పుడే మొదలైంది. హైదరాబాదులో ఉన్న ఉద్యోగం మానుకుని, ముప్పై దాటాక చదువుకు ఈ దేశం వచ్చినవాణ్ని. క్లాసులో అందరికంటే పెద్దవాణ్ని, స్టేషన్‌లో అందరికంటే చిన్న హోదావాణ్ని. చదువయ్యాక రిటైరయ్యేదాకా రేడియోలోనే ఉన్నాను. కొత్తవాళ్లకు పని నేర్పేటప్పుడు మాత్రం ఈ ట్రైనీ రోజుల సంగతే ముందు చెప్పేవాణ్ని.

ప్యానెల్ ఆపరేటరంటే మైకులు తెరిచి మూసేవాడు, పాటలు వేసేవాడు, ఫోన్లు కలిపేవాడు. అతని గొంతు శ్రోతలకు వినిపించకూడదు. శ్రోతలు ఫోన్ చేసే కార్యక్రమాల్లో అతని కుడిచేతి దగ్గర ఎర్రటి డంప్ బటన్ ఉంటుంది. స్టూడియోలో అన్న మాట శ్రోతకు ఏడు సెకన్లు ఆలస్యంగా చేరుతుంది. ఎవరైనా బూతు మాట్లాడినా, ఒక మతంవాళ్ల మీద ద్వేషం రెచ్చగొట్టినా బటన్ నొక్కాలి. ఆ ఏడు సెకన్లూ పోయి వాటి బదులు స్టేషన్ జింగిల్ వస్తుంది. నమ్మకం మీద వేసిన జోకు మనకు నచ్చకపోవడం ఆ జాబితాలో లేదు. ఆ నియమాల కాగితం చదివించి, సంతకం పెట్టించుకుని మరీ నన్ను ప్యానెల్ ముందు కూర్చోబెట్టారు. ఆరు శనివారాలు తప్పు లేకుండా చేస్తే ఒంటరిగా ప్యానెల్ నడిపే అనుమతి ఇస్తారు.

నాలుగో శనివారం వచ్చింది. మధ్యాహ్నం గంటసేపు సాగే తెలుగు కార్యక్రమాన్ని నడిపేది సుజాత ఆంటీ. భీమవరం మనిషి, ఆస్పత్రిలో నర్సు, ఆదివారం చర్చి మానదు. ఆ రోజు అతిథి సింధు, కరీంనగర్ నుంచి వచ్చిన విద్యార్థిని. యూనివర్సిటీలో స్టాండప్ కామెడీ చేస్తుంది. తెలుగు విద్యార్థుల సాంస్కృతిక కార్యక్రమంలో ఆమెకు పావుగంట ఇచ్చారు. దేవుళ్ల మీద జోకులేస్తుందని తెలిసి పెద్దలు కొందరు ఆమె పేరు తీసేయమన్నారు. కమిటీ ఆ సాయంత్రమే తేల్చబోతోంది. ఆలోగా తన మాట తాను చెప్పుకోవడానికి సింధుకు ఉన్నది ఈ ఒక్క గంటే.

మొదలుపెట్టడమే చర్చితో మొదలుపెట్టింది. ఇంగ్లీషు పరీక్ష పాసైనవాళ్లు చర్చిలో నిలబడి, ప్రభువే మార్కులిచ్చాడని సాక్ష్యం చెబుతారట. లిజనింగ్‌లో ఎనిమిది ఇచ్చిన ప్రభువు రైటింగ్‌లో ఆరున్నరే ఎందుకిచ్చాడని ఆమె అడిగింది. నేను పడీపడీ నవ్వాను, హెడ్‌ఫోన్లు జారిపోయాయి. సుజాత ఆంటీ, రైటింగ్ మనం చదువుకోవాలి, ఆయన చదవడు అని సమాధానమిచ్చింది. ఫోన్ లైట్లు రెండు వెలిగాయి. స్టూడియో అంతా హుషారుగా ఉంది. ఇంత మంచి ఉద్యోగం ఇంకోటి ఉండదనిపించింది నాకు.

తర్వాత సింధు మా గుడుల వైపు తిరిగింది. హైదరాబాదు దగ్గర ఒక గుడి ఉంది. వీసా కావాలనుకున్నవాళ్లు అక్కడ పదకొండు ప్రదక్షిణాలు చేసి మొక్కుకుంటారు, వచ్చాక నూటెనిమిది చేస్తారు. నేనూ పదకొండు చేశాను. వీసా వచ్చింది. ప్రయాణం తొందరలో నూటెనిమిదీ చేయకుండానే విమానం ఎక్కేశాను. ఆ బెంగ నాకు లోపల ఉండనే ఉంది. నా మొక్కు సంగతి సింధుకు తెలియదు.

“ముందుగాల పదకొండు చుట్లు, స్టాంపు పడ్డంక నూటెనిమిది. దేవుడంటే మైగ్రేషన్ ఏజెంటా ఏంది? అడ్వాన్సు తీసుకొని ఫైల్ మూవ్ చేస్తడా?” అంది.

నా చెయ్యి నాకు తెలియకుండానే లేచింది. ఎర్ర బటన్ నొక్కేశాను. జింగిల్ మోగింది.

ఫోన్ లైట్లన్నీ ఒక్కసారిగా వెలిగాయి. ముగ్గురి ఫోన్లు ఎత్తాను. ముగ్గురూ ఒకటే అడిగారు: ఆ పిల్ల ఏం బూతు మాట్లాడింది? మాట కట్టయితే శ్రోతకు తోచేది అదే. అన్న జోకుతో పోయేదానికి, అనని బూతు ఆమె నెత్తిన పడింది. ఫోన్లు ఎత్తేముందే గబగబా ఒక పాట వేశాను. పాట నాలుగు నిమిషాలు.

సింధు ముఖం పాలిపోయింది. “అన్నా, ఇగ కమిటీల నా పేరెవరు ఉంచుతరు?” అని మాత్రం అంది.

సుజాత ఆంటీ కోప్పడలేదు. స్టూడియో అద్దం అవతలి నుంచి నా వైపు చూసి, “రఘూ, మా చర్చి మీద జోకేస్తే నవ్వావు. మీ గుడి మీద వేస్తే నొక్కేశావు. ఈజ్ దట్ ఫెయిర్, నాన్నా?” అంది.

బటన్ నొక్కిన ప్రతిసారీ లాగ్ షీట్‌లో సమయం, కారణం రాయాలి. ‘శ్రోతల మనోభావాలు’ అని రాసి కొట్టేశాను. ‘ఆపరేటరుకు కోపం వచ్చింది’ అని రాశాను.

ఇంకో చిక్కు మిగిలింది. డంప్ చేశాక ఆ ఏడు సెకన్ల వెసులుబాటు అయిపోతుంది. మెషీన్ దాన్ని మళ్లీ కొంచెం కొంచెంగా పోగుచేసుకోవాలి, అందుకు కొన్ని నిమిషాలు పడుతుంది. అప్పటిదాకా ఫోన్లు ప్రసారంలోకి కలపకూడదు. స్టూడియోలో మాట్లాడవచ్చు గానీ, నోరు జారితే ఆపే దారి లేదు. పాట అయిపోవస్తోంది. నా మైకు తెరుచుకోమంది ఆంటీ. నియమం ప్రకారం కుదరదని నసిగాను. నియమం ఇందాకే తప్పావు కదా అంది.

మొదటిసారి రేడియోలో మాట్లాడాను. సింధు గారు బూతు మాట్లాడలేదు, నా మొక్కు గురించి జోకేస్తే నాకు నొప్పి కలిగి నొక్కాను, తప్పు నాది అన్నాను. మొత్తం నాలుగు ముక్కలు. ఆ వెంటనే ఆంటీ సింధును ఆ జోకు మళ్లీ చెప్పమంది. ఆపే వీలు లేని ఆ నిమిషంలో సింధు అక్షరం మార్చకుండా చెప్పింది. నేను రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని విన్నాను. ఈసారీ నొప్పి కలిగింది. కానీ నవ్వూ వచ్చింది, అదే నాకు ఆశ్చర్యం.

మెషీన్ మీద పచ్చ లైటు వెలిగాక మొదట కలిపిన ఫోన్ కమిటీ పెద్ద రమణ అంకుల్‌ది.

“నాకా జోకు నచ్చలేదమ్మా. నేను నూటెనిమిదీ చేసినవాణ్ని. అలాగని నిన్ను ఆపితే నేనెందుకు చేశానో అడిగేవాడుండడు. నీ పావుగంట నువ్వు తీసుకో. తర్వాత నాకు అయిదు నిమిషాలివ్వు, నేనూ స్టేజెక్కుతా” అన్నాడు.

సింధు ఒప్పుకుంది. సాయంత్రం కమిటీ ఆమె పేరు ఉంచింది. కార్యక్రమం రోజున రమణ అంకుల్ అయిదు నిమిషాలన్నది పన్నెండయింది. నవ్వినవాళ్లున్నారు, లేచి వెళ్లిపోయినవాళ్లూ ఉన్నారు.

సోమవారం మేనేజరు లాగ్ షీట్ చదివి, నా ఆరు శనివారాలను మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాడు. కారణం నిజం రాసినందుకు ఉద్యోగం మాత్రం ఉంచాడు.

నమ్మకం మీద మాట పడితే నొప్పి కలుగుతుంది, అది నిజమైన నొప్పే. దాన్ని మైకులో చెప్పుకునే హక్కు రమణ అంకుల్‌కు ఎంత ఉందో నాకూ అంతే ఉంది. ప్యానెల్ ముందు కూర్చున్నంత సేపూ నా చేతిలో ఉన్నది మాత్రం అందరి బటన్. దాని మీద చెయ్యి వేసేవాడు, ఇదే మాట పక్కవాళ్ల దేవుడి మీద పడితే నొక్కుతానా అని ముందు తనను తాను అడగాలి. నేను ఆ శనివారం అడగలేదు.