రెండో బకెట్ నీళ్ళు

"...ఎవడైనా కార్లో నీళ్ళు పోస్తాడుటయ్యా? అదీ రెండు బకెట్లు! అది కారా, గేదెలు తాగే కుడితి తొట్టా?"

"తొట్టి కాదు బాబూ. కారని తెలిసే పోసినాను."

"తెలిసే పోశావా! ఇంకా నయం, తెలియక పోశావేమో అనుకుంటున్నాను. ముందు ఆ బకెట్ కింద పెట్టు."

సీతమ్మధారలో ఆ వీధి మలుపు దగ్గర ఎస్టీడీ బూత్‌లోంచి అప్పుడే బయటికొచ్చిన ఉమామహేష్‌కి, ఆ రెండో గొంతు తన తండ్రిదని పోల్చుకోవడానికి ఒక క్షణం పట్టింది. పోల్చుకున్నాక పరుగెత్తాడు.

గేటు లోపల తెల్లకారు నాలుగు తలుపులూ బార్లా తెరిచి ఉంది. తండ్రి అబ్బులు లుంగీ ఎగ్గట్టి, మొక్కలకి నీళ్ళు పోసే బకెట్ చేత్తో పట్టుకుని, వెనక సీటు ముందు వంగి నిలబడ్డాడు. కారు యజమాని సన్యాసిరాజు గారు పేపరు చుట్టచుట్టి పట్టుకుని బనీనుతోనే వాకిట్లోకి వచ్చేశారు. ఇంజను కింద వెల్లకిలా పడుకున్న బావ సింహాద్రి మొహం కనపడటం లేదు గానీ, నవ్వుకి అతని పొట్ట ఎగిరెగిరి పడుతోంది.

ఉమామహేష్‌కి ఇరవై నాలుగేళ్ళు. పెదజాలరిపేటలో పుట్టినా సముద్రం పడలేదు అతనికి. పడవెక్కితే డోకు. ఐదేళ్ళుగా ఒక ట్రావెల్స్‌లో జీతానికి అంబాసిడర్ నడుపుతున్నాడు. హార్బరు దగ్గర ఓడల ఏజెన్సీలో మేనేజరు సాయిశంకర్ గారిని నాలుగైదుసార్లు ఎయిర్‌పోర్టుకి దింపాడు. అతను బండి నడిపే తీరు, నిదానం ఆయనకి నచ్చాయి. "ఓడ కెప్టెన్లని హోటలుకీ, ఎయిర్‌పోర్టుకీ తిప్పడానికి ఏసీ ఉన్న పెద్దకారు కావాలోయ్, ఒకటో తారీఖు నుంచి. నీ సొంత కారు తెచ్చుకుంటే పని నీకే ఇస్తాను. లేకపోతే చెప్పు, ఇంకొకళ్ళని చూసుకుంటాను" అన్నారు. ఆ మాట అన్నది మొన్న పదహారో తారీఖున. ఇవాళ ఇరవై నాలుగు. నవంబరుకి ముప్ఫై రోజులే.

కొత్తకారు మాట కలలో కూడా అనుకోలేదు. ఈ తెల్లకారు మాత్రం అందేలా కనిపించింది. అది కొరియా వాళ్ళ కారు. వచ్చిన కొత్తలో డాక్టర్లూ, కాంట్రాక్టర్లూ కొనుక్కునేవాళ్ళు. ఆ కంపెనీ ఇక్కడ మూతపడేసరికి ధర అంబాసిడర్ కంటే కిందికి దిగిపోయింది. అబ్బులు మోకాళ్ళు పనిచెయ్యక కిందటి నెలలో పడవ అమ్మేశాడు. పడవ డబ్బూ, ఉమామహేష్ పోస్టాఫీసులో దాచుకున్నదీ కలిపితే సరిగ్గా ఈ కారు వస్తుంది. ఆపైన ఇంకో కారుకి గానీ, ఇంకో పడవకి గానీ ఆ ఇంట్లో డబ్బు లేదు.

అందుకే ఇంజను చూడ్డానికి మెకానిక్ అయిన అక్క మొగుణ్ణి తీసుకొచ్చాడు. తండ్రి మాత్రం పాత కారు వద్దంటూ, పిలవకుండానే వచ్చాడు.

"ఏటయ్యా ఇది?" అన్నాడు ఉమామహేష్ రొప్పుతూ.

"ఏటేటి? పడవ కొనేటప్పుడు ఒడ్డుమీద నిలబెట్టి లోపల నీళ్ళు పోత్తాం. బైట ఎక్కడ సెమ్మొస్తాదో సూత్తాం. సముద్రంలోకెళ్ళాక సూసుకుంటారేటి?"

"కారు సముద్రంలోకి వెళ్ళదయ్యా!" అన్నారు సన్యాసిరాజు గారు.

"వానలోకి ఎల్తాది గదా బాబూ."

సన్యాసిరాజు గారు చేతిలోని పేపరు విప్పి తడిసిన సీటు మీద పరిచారు. ఆయన పోర్టులో పెద్ద గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. మంచివాడే. కారుని కూతురి పెళ్ళిలో కూడా ఇంకొకరి చేతికివ్వకుండా తానే తుడుచుకున్నవాడు.

నీళ్ళు వెనక ఎడమ చక్రం పక్కనుంచి బొటనవేలంత ధారగా కారుతున్నాయి. అబ్బులు ముందే దాని కింద ఒక ఖాళీ బకెట్ పెట్టి ఉన్నాడు. అది నిండగానే తీసి రెండోది పెట్టాడు. సింహాద్రి పక్కకి దొర్లి, టార్చి వేసి చూశాడు.

"రూపాయి బిళ్ళంత బెజ్జం బావా. రేకుముక్కేసి వెల్డింగ్ కొడితే గంట పని. ఇంజనుందే, పెళ్ళికూతురు! ఏసీ సూసినావా, సలికి నా సెయ్యి బిగుసుకుపోనాది. ఇలాటి బండి ఈ రేటుకి మళ్ళీ దొరకదు. కళ్ళు మూసుకుని కొను."

"రెండేళ్ళ కిందటి దాకా లాసన్స్‌బేలో ఉండేవాళ్ళం, సముద్రానికి ఎదురుగా," అన్నారు సన్యాసిరాజు గారు గొంతు తగ్గించి. "ఆ గాలికి ఇనప కిటికీలే నిలవలేదు. సరే, దానికోసం ఐదువేలు తగ్గించుకో."

అడక్కుండానే తగ్గించారు. ఉమామహేష్‌కి సంతోషం వెయ్యబోయి ఆగిపోయింది. బెజ్జం గంట పనైతే ఐదువేలు ఎందుకు తగ్గించినట్టు? ఆయనకి ఇంకేమైనా తెలుసా? లేక తడిసిన సీట్లు చూసి, ఈ బేరం ఎలాగో తెగితే చాలనుకున్నారా? ఆయన మొహంలోకి చూశాడు. అక్కడ నిద్ర చెడిన చిరాకు తప్ప ఇంకేం కనపడలేదు.

ఈలోగా ధార సన్నబడి చుక్కలైంది. చుక్కలు కూడా ఆగిపోయాయి. అబ్బులు బకెట్ల మధ్య గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు.

"ఒరే నాయినా. రెండు బకెట్లు పోసినాను. ఒకటే వొచ్చింది. రెండోది ఏదిరా?"

"కార్పెట్టు తాగేసుంటాది మావా," అన్నాడు సింహాద్రి.

కార్పెట్ ఊడదీసి, తడిచీర పిండినట్టు మామా అల్లుళ్ళిద్దరూ చెరోవైపు పట్టుకుని మెలితిప్పారు. పావు బకెట్ వచ్చింది.

"ఇంకా ముప్పావు కావాల."

"ఆరిపోయుంటాది మావా!"

"ముప్పావు బకెట్టు ఆరిపోడానికి ఇదేటి వేసంగి ఎండేటిరా?"

"నువ్వు పోసింది నిండు బకెట్లు కాదేమో!"

"నలబై ఏళ్ళు పడవలో నీళ్ళు తోడినోణ్ణి. నిండో ఎలితో నాకు తెల్దేటి?"

సన్యాసిరాజు గారు చేతిగడియారం చూసుకున్నారు. గాజువాక నుంచి ఇంకో పార్టీ సాయంత్రం ఆరుకి వస్తుందనీ, ఐదు లోపల తిప్పి తెచ్చేట్టయితే షెడ్డుకి తీసుకెళ్ళి చూసుకోవచ్చనీ అన్నారు. "నీళ్ళు మాత్రం ఇంక పొయ్యకండి," అని తాళాలిచ్చారు.

కంచరపాలెం దాకా ఉమామహేష్ నడిపాడు. స్టీరింగు వేలితో తిప్పితే తిరుగుతోంది. అంబాసిడర్‌లో ఐదేళ్ళు చేసిన కుస్తీ అంతా ఎవరో భుజాల మీంచి దించినట్టైంది. అద్దాలు బిగిస్తే బయటి హారన్లు పక్కవీధిలో మోగుతున్నట్టున్నాయి. ఇదీ బండంటే, అనుకున్నాడు. సిగ్నల్ దగ్గర బ్రేకు నొక్కాడు. కాళ్ళ కిందెక్కడో, ఎడమ తలుపు వారగా, గుళుకుమని శబ్దం వచ్చింది.

ముగ్గురూ విన్నారు. మళ్ళీ కదిలి మళ్ళీ ఆగితే మళ్ళీ గుళుకుమంది.

"అదుగో, నా ముప్పావు," అన్నాడు అబ్బులు వెనక సీట్లోంచి.

షెడ్డు రైలుపట్టాల పక్కనే. జాకీ ఎత్తి సింహాద్రి కిందికి దూరాడు. తలుపుల కింద పొడుగునా, ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా, లోపల డొల్లగా ఉండే రేకుపెట్టె ఒకటి ఉంటుంది. బండి బరువు చాలావరకు దానిమీదే. లోపలికి చేరిన నీళ్ళు పోవడానికి దాని అడుగున సన్నటి కన్నాలుంటాయి. అవి మట్టితో పూడిపోయి ఉన్నాయి. సింహాద్రి సైకిలు పుల్ల తీసుకుని ఒక్కొక్కటీ పొడిచాడు. మూడో కన్నంలోంచి నీళ్ళు భళ్ళున వచ్చి అతని మెడమీద పడ్డాయి.

మొదట తెల్లగా, తర్వాత టీ రంగులో, ఆపైన ఎర్రగా. ఆ ఎర్రటి నీళ్ళతో పాటు చేప పొలుసుల్లాంటి తుప్పు పెచ్చులు రాలాయి. అబ్బులు తెచ్చిపెట్టిన బకెట్‌లో అవి గలగలమన్నాయి.

సింహాద్రి బయటికి రాలేదు. స్క్రూడ్రైవర్ పిడితో రేకు మీద తడుతూ పోతున్నాడు. టంగ్, టంగ్, టంగ్, డబ్. చప్పుడు మారినచోట మొనతో నొక్కాడు. మొన లోపలికి దిగిపోయింది. అతను తీరిగ్గా పాకుతూ వచ్చి, మెడ తుడుచుకుని, బీడీ వెలిగించాడు.

"బావా, వొద్దు," అన్నాడు.

"ఏటి?"

"వొద్దు. ఒగ్గీ. ఇంజను బాగున్నాది గానీ, కింద నేల లేదు. ఇయ్యాల ఇక్కడ బెజ్జం, రేపెక్కడో. అద్దం పగిల్తే అద్దం దొరకదు దీనికి. కంపినీయే లేదు. తీసుకెళ్ళి ఇచ్చేయ్."

"పొద్దున్న నువ్వే గదా కళ్ళు మూసుకుని కొనమన్నావు?"

"పొద్దున్న సూడలేదు గదా!"

"అదేటిరా అల్లుడా?" అన్నాడు అబ్బులు. బకెట్‌లో చెయ్యి పెట్టి పెచ్చుల్ని కెలుకుతున్నాడు. మొహం నిమ్మళంగా ఉంది. "ఎందుకొద్దు? దొరికింది గదా. నీళ్ళెక్కడికెళ్ళినాయో తెలీనంతసేపూ నాను బయపడ్డాను. ఇప్పుడు తెలిసినాది. కుళ్ళిన సెక్క తీసేసి కొత్త సెక్కేత్తే పడవ మళ్ళీ పదేళ్ళు తిరుగుతాది. కార్లో సెక్క బదులు రేకు. అంతే గదా?"

"పడవా కారూ ఒకటేటి మావా?"

"మరి పొద్దున్న ఒకటి కాదని నవ్వినావు గదా. ఇప్పుడు నాను ఒకటంటే ఏడుత్తన్నావేటి?"

ఉమామహేష్ ఇద్దరి మధ్యా నిలబడి ఇటూ అటూ చూశాడు. పొద్దున్న వచ్చేటప్పుడు బావ అవునన్నాడు, తండ్రి కాదన్నాడు. అది తేలికే. కారు సంగతి బావకే తెలుసని తేల్చుకుని ఉండేవాడు. ఇప్పుడు తెలిసినవాడు కాదంటున్నాడు, తెలియనివాడు అవునంటున్నాడు. అదే బకెట్, అవే పెచ్చులు. ఇద్దరూ చూసింది ఒక్కటే. బావ మాట వింటే ఒకటో తారీఖున సాయిశంకర్ గారి పని ఇంకెవడికో పోతుంది. తను మళ్ళీ అంబాసిడర్‌లో, మళ్ళీ జీతానికి. తండ్రి మాట వింటే పడవ పోయి ఈ ఎర్రనీళ్ళు మిగలొచ్చు. ఏది ఎక్కువ నష్టమో ఎంత ఆలోచించినా, ఒకటి పెద్దదిగా కనపడగానే రెండోది లేచి నిలబడుతోంది.

"రెండుపక్కలా కోసి కొత్త రేకెయ్యడానికి ఎన్నాళ్ళు పడతాది బావా?"

"నాలుగు. ఐదనుకో. కోసినాక లోపలేటుంటాదో నాను సెప్పలేను."

"అయ్యా, నువ్వేటంతావు?"

"అన్నాను గదా."

"పడవ డబ్బులు..."

"పడవ నాది, అమ్మేసినాను. కారు నీది. నన్నడక్కు." అబ్బులు లుంగీ దించుకుని లేచాడు. "నాను ఇంటికెళ్తన్నాను. మోకాళ్ళు లాగేత్తన్నాయి. నువ్వే ఎళ్ళి సెప్పు ఆ బాబుకి."

నాలుగున్నరకి ఉమామహేష్ ఒక్కడే బయల్దేరాడు. కార్పెట్ షెడ్డులో ఆరేసిన తాడుమీదే ఉండిపోయింది. తాటిచెట్లపాలెం దగ్గర సిగ్నల్ పడితే, వెనక్కి తిరిగి చూశాడు. వెనక సీటు ముందు నేలలో, రూపాయి బిళ్ళంత వెలుగు. దాంట్లోంచి రోడ్డు కనపడుతోంది. అక్కడ కూర్చునే కెప్టెను బూటు ఆ వెలుగుని కప్పేస్తుందా, కప్పదా అని కొలిచినట్టు చూశాడు. పక్కన ట్రావెల్స్ అంబాసిడర్ వచ్చి ఆగింది. అందులో తనతో పనిచేసే ఎల్లారావు అద్దం దించి అరిచాడు.

"ఓలప్పా! ఏటి బావా, కొన్నావేటి?"

"సూత్తన్నాను."

"సూడ్డమేటి? ఎక్కినోడివి దిగుతావేటి?"

పచ్చలైటు వెలిగింది. ఎల్లారావు గేరు వెయ్యడానికి చేసే తంటా అద్దాల్లోంచి కూడా వినపడింది. ఉమామహేష్ కదిలాడు. కారు మెత్తగా సాగిపోయింది. గురుద్వారా దాటేదాకా కొనను అనుకున్నాడు. దాటాక కొంటాను అనుకున్నాడు. వీధి మలుపు తిరిగేటప్పుడు రెండూ అనుకోలేదు. ఈసారి బ్రేకు నొక్కితే ఏ శబ్దమూ రాలేదు. అది మంచిదో చెడ్డదో కూడా తెలియలేదు.

సన్యాసిరాజు గారు ఇస్త్రీచొక్కా వేసుకుని వరండాలో కూర్చున్నారు. గాజువాక పార్టీ ముందే వచ్చేసింది. బంగారు గొలుసు వేసుకున్న మనిషి ఒకడు కుర్చీలోంచి లేచి, గేటులోకి వస్తున్న కారుని ఈ చివర నుంచి ఆ చివరకి చూశాడు.

"దొరికాయా మీ నీళ్ళు?" అన్నారు సన్యాసిరాజు గారు.

"దొరికినాయండి."

"మరి ఏం తేల్చావు? వీళ్ళు కూడా ఎదురుచూస్తున్నారు."

ఉమామహేష్ ఇంజను ఆపాడు. తాళం చెవి తీసి, దిగి, తలుపు వేశాడు.

"తీసుకుంటన్నానండి," అన్నాడు. "రేపు పొద్దున్న బ్రేకాఫీసుకి రండి, బండి నా పేరుకి మార్చుకుందాం."