అద్దం లోపలి తడి

భైంసా చుట్టుపక్కల పల్లెల నుంచి పత్తి గింజలు తీసే జిన్నింగ్ మిల్లుకు కూలీ ఆడవాళ్లను తెచ్చే వ్యానును ఆరాధన నడిపేది. వానాకాలంలో హెడ్‌లైట్ల వెనక రబ్బరు చిట్లి నీళ్లు దిగాయి. చలి మొదలయ్యాక అద్దాల లోపల ఆవిరి పట్టి, వెలుగు రోడ్డు మీద పడకుండా అక్కడికక్కడే చెదిరిపోయేది.

“లైట్లు మార్పియ్యుండ్రి సేఠ్. పొద్దుగాల తొవ్వ కనబడ్తలేదు,” అని మిల్లు యజమాని ఓంప్రకాశ్‌ను అడిగింది.

“జర బట్టతోని తుడువు.”

“తడి లోపలున్నది. బయట తుడిస్తె ఎట్ల పోతది?”

“ఎండ కొడితె అదే ఆరుతది, పో.”

ఆరలేదు. ఒక తెల్లవారుజామున మంచులో, సైకిల్ మీద పాలు తెస్తున్న రాయమల్లు ఆమెకు కనబడేసరికి ఆలస్యమైపోయింది. బ్రేకు తొక్కినా వ్యాను మూల తగిలింది. ముసలాయన గుంతలో పడి కాలు విరిగింది. ఆమే ఆసుపత్రికి తీసుకుపోయి కట్టు కట్టించి, ఇంట్లో దించింది. తెలిసీ ఆ బండి నడిపినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

మిల్లుకు తిరిగొస్తే సేఠ్ అందరి ముందూ అన్నాడు: “ఆడిదానికి బండిస్తె గిట్లనే అయితది.”

ఆరాధన ఒళ్లు భగ్గుమంది. ఎన్నడూ ‘మీరు’ తప్ప అనని మనిషి, “రేపు పొద్దుగాల నువ్వొచ్చి ముందల కూసో,” అంది. “నాకు కనబడనిది నీకేం కనబడ్తదో చూస్త. నువ్వు రాకుంటె బండి కదలది.”

“మేం గూడ ఎక్కం,” అన్నారు కూలీలు. మిల్లు నిండా పత్తి పడి ఉంది. సేఠ్‌కు రాక తప్పలేదు.

మర్నాడు ఖాళీ వ్యానులో సేఠ్ ముందు కూర్చున్నాడు. ఎదురుగా తెల్లటి గోడలాంటి మంచు. “మెల్లగ! మెల్లగ!” అంటూనే ఉన్నాడు.

“ఎద్దుబండి గింతకంటె జోరుగ పోతది,” అంది ఆరాధన.

ఉన్నట్టుండి ముందు నల్లగా బర్రె. “ఆపూ!” అని అరిచాడు. ఆమె అప్పటికే ఆపింది.

“లైట్లు ఇయ్యాల్నే మార్పిస్త,” అన్నాడు సేఠ్.

ఆరాధన బండిని రాయమల్లు ఇంటి ముందుకు తెచ్చి ఆపింది.

“దిగు. తప్పు ఆడిదానిదా, లైట్లదా, ఆయనకు చెప్పు.”

సేఠ్ దిగాడు. మంచం పక్కన నిలబడి, “తప్పు నాదే,” అని గొణిగాడు. రాయమల్లు గోడవైపు తిరిగి పడుకున్నాడు.

“నువ్వు ఒప్పుకుంటె కాలు అతుకుతదా?” అంది ఆయన భార్య.

సాయంత్రానికి కొత్త లైట్లు పడ్డాయి. ఆసుపత్రి ఖర్చు సేఠే పెట్టుకున్నాడు. రాయమల్లు కర్ర పట్టుకుని నడిచేసరికి ఎండాకాలం వచ్చింది. అప్పటికీ ఆరాధన కోపం చల్లారలేదు. సేఠ్ పలకరిస్తే పని మాట చెప్పి, మొహం తిప్పుకుని వెళ్లిపోయేది.