మామగారి కిటికీ అద్దం, మునిగిన సబ్‌మెరైన్

మా మామగారిది విశాఖపట్నం. డెబ్బై ఒకటి యుద్ధంలో ఆ తీరాన పాకిస్తాన్ సబ్‌మెరైన్ మునిగిన రాత్రికి ఆయనకు పదేళ్ళు. ఆ పేలుడుకి వాళ్ళింటి కిటికీ అద్దం పగిలిందట. అందులో ఒక ముక్కని బిస్కెట్ డబ్బాలో దూది మధ్య దాచుకుని మా హఫీజ్‌పేట్ ఫ్లాటుకి కూడా తెచ్చుకున్నారు. ఇంటికి ఎవరొచ్చినా కాఫీకంటే ముందు అద్దం ముక్క వచ్చేది.

ఈసారి జెండా పండగకి అపార్ట్‌మెంట్ ప్రెసిడెంటు ఆయన్ని పట్టుకున్నాడు. "జర మా పిల్లలకు గా ముచ్చట చెప్పుండ్రి సార్" అన్నాడు. మామగారు పొంగిపోయి ఆరు పేజీలు రాసి నా చేతిలో పెట్టారు.

"ఒకసారి చూసిపెట్టండి అల్లుడుగారూ."

అక్కడే నా బుద్ధి గడ్డి తింది. హైటెక్ సిటీలో నా ఉద్యోగమే, సర్వర్ పడిపోతే ఎందుకు పడిందో రిపోర్టు రాయడం. ఏ కాగితం దొరికినా ఎర్ర పెన్నుతో ప్రశ్నలు వెయ్యకుండా ఉండలేను. 'మన నౌకే ముంచింది' అన్నచోట, "ఆధారం? దానంతట అదే పేలిందని అవతలివాళ్ళు అంటున్నారు. ఇప్పటికీ తేలలేదు" అని రాశాను. అంతటితో ఊరుకున్నానా? ఆఫీసు పట్టిక ఒకటి ప్రింటు తీసి జతచేశాను: ఏం జరిగింది, ఎన్ని గంటలకు, బాధ్యులు ఎవరు.

పాపం ఆయన బుద్ధిగా నింపారు. పేలుడు: అర్ధరాత్రి. అద్దం పగలడం దగ్గర మాత్రం టైము గడి ఖాళీ. బాధ్యులు: పాకిస్తాన్.

"టైము లేకపోతే ఎట్లా మామయ్యా?" అన్నాను. ఆయన మొహం మాడిపోయింది.

మూడు రోజులు డబ్బా బయటికి రాలేదు. ఇంకెవరినైనా మాట్లాడమనండి, నా వల్ల కాదన్నారు. "సర్వర్లు చాలక మా నాన్న మీద పడ్డారా? యాభై ఏళ్ళుగా ఆయనకున్నది ఆ ఒక్క కథే!" అని మా ఆవిడ నన్ను దులిపేసింది. నిజంగానే సిగ్గేసింది. వెళ్ళి మాట్లాడదామంటే ఆయన గది తలుపు వేసి ఉంది.

జెండా పండగనాడు మాత్రం ఇస్త్రీ చొక్కాతో, కాగితాల్లేకుండా, డబ్బాతో దిగారు. మైకు పట్టుకున్నారు.

"ఈ అద్దం పగలగొట్టింది నేనండి. బిళ్ళంగోడు ఆడుతుంటే తగిలింది. నాన్నగారు ఊరెళ్ళారు. తెల్లారి వస్తే వీపు చిట్లగొడతారని దుప్పట్లో దూరి ఏడుస్తున్నాను. అర్ధరాత్రి ఢామ్మంది. పొద్దున్నే నాన్నగారొచ్చి, అద్దం చూసి, పాకిస్తాన్‌ని తిట్టి, నన్ను ఒళ్ళోకి తీసుకున్నారు. అమ్మకి తెలుసు, నోరు మెదపలేదు. ఇంక నేనేం చెప్పనండి?"

పిల్లలు పడీపడీ నవ్వారు. ఆయన మాత్రం నవ్వలేదు. "ఆ సబ్‌మెరైన్‌లో ఉన్నవాళ్ళెవరూ ఇంటికి చేరలేదండి. నేనేమో దెబ్బలు తప్పించుకున్నాను" అని మైకు ఇచ్చేశారు.

లడ్డూలు పంచుతుంటే నా దగ్గరికొచ్చారు. "ఆ గడిలో రాసుకోండి అల్లుడుగారూ. మధ్యాహ్నం మూడున్నర."

ఇంటికెళ్ళి రాశాను. బాధ్యుల గడిలో మాత్రం పాకిస్తాన్‌నే ఉంచాను. అది వాళ్ళ నాన్నగారి తీర్పు, కొట్టెయ్యడానికి నేనెవర్ని?