పేజీ తిప్పిన చప్పుడు

నా చిన్నప్పుడు నల్లగండ్లలో మనుషులకంటే బండలే ఎక్కువ. ఆ బండలను పగలగొట్టి లేపిన అపార్ట్‌మెంట్లలోనే ఒకదాంట్లో ఇప్పుడు నేనుంటున్నాను. మా అపార్ట్‌మెంట్ వాళ్ళు మంచివాళ్ళే. జెండా పండుగనాడు మాజీ సైనికుణ్ణి ఎవరినో ఒకరిని పిలిచి, శాలువా కప్పి, పూలగుచ్ఛం ఇస్తారు. అంతటితో ఊరుకుంటే బాగుండును. మైకు చేతికిచ్చి, "యుద్ధంలో ఏం జరిగిందో పిల్లలకు చెప్పండి సార్" అంటారు. ఆ మాట వినగానే నాకు ఒళ్ళు మండిపోతుంది. నేను లేచి ఇంటికి వచ్చేస్తాను. ముసలావిడకు చాదస్తం అనుకుంటారు, అనుకోనీ. నా చాదస్తానికి మా ఊళ్ళో జరిగిన ఒక కథ ఉంది.

తూర్పున బంగ్లాదేశ్ యుద్ధం ముగిసిన తరువాతి ఎండాకాలం అది. మా వీధి చివరి ఇంట్లో ఉండే మిలిటరీ మామ ఆ యుద్ధంలో రెండు కళ్ళూ పోగొట్టుకుని, ఎక్కడెక్కడి దవాఖానల్లోనో నెలల తరబడి ఉండి, లింగంపల్లి స్టేషన్లో రైలు దిగాడు. ఊరంతా స్టేషనుకు కదిలింది. డప్పులు, బంతిపూల దండలు, నుదుటిన కుంకుమ. మామ వాళ్ళమ్మను మేమంతా పెద్దవ్వ అనేవాళ్ళం. ఆమె కొడుకు చెయ్యి పట్టుకుని, ఏడుస్తూ నవ్వుతూ ముందు నడిచింది.

మా ఊరి బండల మేస్త్రీకి మిలిటరీ మామ అంటే ప్రాణం. ఇద్దరూ చిన్ననాడు కలిసి మేకలు కాచినవాళ్ళు. పెద్ద పెద్ద వాళ్ళకు తుపాకులు పేల్చి సలామీ చేస్తారని మేస్త్రీ ఎక్కడో విన్నాడు. తుపాకులు మనకెక్కడివి? బండలకు పెట్టే మందు ఉంది కదా. స్నేహితుడు ఊరి పొలిమేరలో అడుగుపెట్టగానే పేలేట్టు బండల్లో మందు దట్టించి పెట్టాడు. అది వాడి గుండె నిండా ఉన్న ప్రేమ. అంతకుమించి ఏమీ లేదు.

మొదటి బండ పేలింది. మామ పెద్దవ్వను కింద పడేసి, ఆమె మీద పడుకుని, రెండు చేతులతో ఆమె తల కప్పేశాడు. రెండోది పేలింది. నోట్లో మన్నుతో, ఎవరెవరి పేర్లో పెట్టి కేకలు వేశాడు. డప్పులు ఆగిపోయాయి. బంతిపూలు వాళ్ళిద్దరి కింద నలిగిపోయాయి. మేస్త్రీ బండల మీది నుంచి పరుగున వచ్చి, ఏం జరిగిందో చూసి, చెంపలు వాయించుకుంటూ రోడ్డు మీదే కూలబడ్డాడు. అంత పెద్ద మగవాడు అలా ఏడవడం నేను అంతకుముందు చూడలేదు.

అయినా మా వాళ్ళకు బుద్ధి రాలేదు. రోజూ ఎవరో ఒకరు పాలో పండో తీసుకుని మామ దగ్గరికి వెళ్ళడం, అరుగు మీద కూర్చుని యుద్ధం గురించి అడగడం. "ఎంతమందిని సంపినవ్ మామా?" అని పిల్లలు. "కండ్లు ఎట్ల పొయినయ్‌రా?" అని పెద్దలు. మా తాతయ్య కూడా అడిగాడు, ఆయన్ని తప్పించి చెప్పలేను. అందరిదీ అభిమానమే. మామ మాత్రం గోడవైపు తిరిగి కూర్చునేవాడు. క్రమంగా తిండి తగ్గింది. ఒకరోజు మధ్యాహ్నం, రాయి తీయగా మిగిలిన లోతైన నీళ్ళ గుంత అంచున, కాళ్ళు లోపలికి వేలాడేసి కూర్చుని ఉంటే మేస్త్రీ చూసి పట్టుకొచ్చాడు. ఆ రోజు నుంచి పెద్దవ్వ కొంగు కొడుకు చేతికి ముడి వేసుకుని పడుకునేది. ఆ ముడి తెల్లారేదాకా తడిమి చూసుకునేదట.

అప్పుడు వచ్చింది పక్కింటి అక్క.

అక్కవాళ్ళది కృష్ణా జిల్లా. కొత్తగా వచ్చిన పెద్ద కార్ఖానాలో వాళ్ళన్నయ్యకు ఉద్యోగం. క్వార్టర్ దొరికేదాకా మా పక్కింట్లో కిరాయికి ఉన్నారు. అక్క భర్త కూడా సైన్యంలోనే ఉండేవాడు. అదే యుద్ధంలో పడమటి సరిహద్దున పోరు జరిగినప్పటి నుంచి ఆయన ఆచూకీ లేదు. చనిపోయాడని ఎవరూ చెప్పలేదు, బతికున్నాడని ఎవరూ చెప్పలేదు. బందీగా పట్టుబడి ఉంటాడని అక్క ఆశ. పొద్దున్నే లేచి తలంటుకుని, పూలు పెట్టుకుని, మనిషి సాయంత్రానికి వస్తాడన్నట్టే ఉండేది. నాకు చదవడం బాగా రావాలని మా అమ్మ నన్ను ఆమె దగ్గర కూర్చోబెట్టేది.

అక్కకు వారపత్రికల్లో సీరియళ్ళంటే పిచ్చి. అందరి ఇళ్ళల్లోలాగే, వారం వారం ఆ కాగితాలు చింపి దాచి, దబ్బనంతో కుట్టి పుస్తకం చేసుకునేది. ఆ సాయంత్రం ఒక కుట్టిన పుస్తకాన్ని, నన్నూ వెంటబెట్టుకుని మామ వాళ్ళ అరుగు దగ్గరికి వెళ్ళింది. ఎలా ఉన్నావని అడగలేదు. జాలి మాట ఒక్కటి అనలేదు.

"అన్నయ్యా, ఇంట్లో పైకి చదువుకుంటుంటే మా అన్నయ్య విసుక్కుంటున్నాడండి. కాసేపు మీ అరుగు మీద కూర్చుని చదువుకోనా?" అంది.

మామ గోడవైపే తిరిగి ఉన్నాడు. అక్క చదవడం మొదలుపెట్టింది. రంగూన్ వెళ్ళిన భర్త కోసం ఎదురుచూసే ఒక నేతపని ఇల్లాలి కథ అది. మర్నాడూ వెళ్ళాం. ఆ మర్నాడూ వెళ్ళాం. గోడవైపు ఉన్న మామ ముఖం మెల్లగా మావైపు తిరిగింది. ఇరుగుపొరుగు చేరారు. అడగడానికి వచ్చినవాళ్ళంతా వినడానికి కూర్చున్నారు. బండలు పేల్చే ముందు మేస్త్రీ ఒక మనిషిని పరుగున పంపేవాడు. అక్క చదవడం ఆపి, "ఇప్పుడు పేలుతుంది అన్నయ్యా, మన మేస్త్రీయే" అని మెత్తగా చెప్పేది. పేలేది. మామ పిడికిళ్ళు బిగుసుకుని, మళ్ళీ విడేవి. అక్క ఆపిన చోటి నుంచి అందుకునేది.

ఒకరోజు మామ తనంతట తానే నోరు విప్పాడు. దవాఖానలో తనలా గాయపడినవాళ్ళు ఎందరో పైకప్పుకేసి చూస్తూ పడి ఉంటారని చెప్పాడు. అంతే, అక్క ఊరి మీద పడింది. ఇంటికో పుస్తకం ఇవ్వండి, దవాఖానకు పంపుదాం అంది. మా ఊళ్ళో చదువుకున్నవాళ్ళెందరు? అయినా అందరూ ఇచ్చారు. పాత పంచాంగాలు, ఎక్కాల పుస్తకాలు, అట్టలు ఊడిన పురాణాలు. అక్షరం ముక్క రాని మేస్త్రీ స్టేషనుకు వెళ్ళి, అన్నిటికన్నా లావుపాటి పుస్తకం ఏరి కొనుక్కొచ్చాడు. "లావుగున్నది, చాన రోజులొస్తది" అన్నాడు గర్వంగా. తెరిచి చూస్తే రైళ్ళ వేళల పుస్తకం.

అక్క పొట్ట పట్టుకుని నవ్వింది. అప్పుడు మామ కూడా నవ్వాడు. ఊరికి వచ్చాక ఆయన నవ్వడం అదే మొదలు. "పంపు చెల్లె, అది గూడ పంపు. ఆడ పండుకున్నోళ్ళందరికి ఇంటికి పొయ్యే రైలే గావాలె" అన్నాడు. అక్క ఆ పుస్తకాన్ని కట్టలో అన్నిటికన్నా పైన పెట్టింది. ఆ రాత్రి పెద్దవ్వ కొంగు ముడి వేసుకోలేదట. మర్నాడు ఊరందరికీ అదే చెప్పుకుంది.

కుట్టిన పుస్తకం అయిపోయింది కానీ కథ అయిపోలేదు. మిగిలిన భాగాలు వారం వారం పత్రికలో రావాల్సి ఉన్నాయి. పత్రిక వచ్చే రోజున అరుగు మీద చోటు దొరికేది కాదు. ఎప్పుడు, ఎవరు మొదలుపెట్టారో తెలియదు, కథలో భర్త తిరిగొస్తే అక్క భర్త కూడా తిరిగొస్తాడని ఊళ్ళో అందరి మనసుల్లోనూ పడిపోయింది. పెద్దవ్వయితే పైకే అనేసింది: "రంగూన్ పొయినోడు ఇల్లు జేరితే మా అల్లుడు గూడ జేరతడు, సూడుండ్రి." అక్క నవ్వి ఊరుకుంది. కానీ ఆ తరువాత నుంచి కథలో భర్త మాట వచ్చిన చోటల్లా ఆమె వేలు ఒక క్షణం ఆగేది.

దీపావళి అయిన కొన్నాళ్ళకు ఆఖరి భాగం వచ్చింది. నేను ఎప్పటిలాగే అక్క పక్కన కూర్చుని, ఆమె వేలు వెంట అక్షరాలు చూస్తున్నాను. భార్య దీపం వెలిగించింది. తలుపు చప్పుడయింది. తెరిస్తే ఎవరో కొత్త మనిషి. చేతిలో భర్త పెట్టె. ఆ మాటలు కాగితం మీద నా కళ్ళముందు ఉన్నాయి, అక్క ఇంకా పైకి చదవలేదు. అక్క ఆగింది. మంచినీళ్ళు అడిగి తాగింది. మళ్ళీ చదివింది.

తలుపు తెరిస్తే భర్తే ఉన్నాడని చదివింది. చిక్కిపోయాడట. గడ్డం పెరిగిందట. గుమ్మంలో నిలబడి, "కాసిని మంచినీళ్ళిస్తావా?" అన్నాడట. ఇంకా ఏమేమో చదివింది. ఒక్క మాట కూడా కాగితం మీద లేదు. ఆమె చూపు మాత్రం కాగితం మీదే ఉంది. నేను తలెత్తి నోరు తెరవబోయాను. అక్క చెయ్యి నా మోకాలి మీద పడింది, చల్లగా. నేను నోరు మూసుకున్నాను. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. పెద్దవ్వ లోపలికి పరుగెత్తి అందరికీ బెల్లం పంచింది. నాకిచ్చిన ముక్క నేను తినలేకపోయాను.

అందరూ వెళ్ళాక మామ నన్ను పిలిచాడు.

"బిడ్డా, చెల్లె ఆకరి పేజీ తిప్పిందా?"

లేదన్నాను.

"ఔ. నాకు సప్పుడు ఇనరాలె." తడిమి నా తల మీద చెయ్యి పెట్టాడు. "ఎవ్వరికి చెప్పకు బిడ్డా. నాకు ఎరుకైందని ఆమెకు గూడ చెప్పకు."

ఆ ఏడాది చివర బందీలను వదిలారు. సరిహద్దు దాటి మనవాళ్ళు వస్తున్నారని రేడియోలో చెప్పినప్పుడు అక్క కొత్త చీర కట్టుకుని మా ఇంట్లో రేడియో ముందు కూర్చుంది. ఆయన ఆ వచ్చినవాళ్ళలో లేడు. తరువాత కొన్నాళ్ళకు మిలిటరీ వాళ్ళు జీపులో వచ్చి, అక్క వాళ్ళన్నయ్యను పక్కకు పిలిచి చెప్పారు. యుద్ధం జరుగుతున్నప్పుడే ఆయన పోయాడట. ఆయనతోపాటు ఉన్నవాళ్ళు తిరిగొచ్చి చెప్పారట. అంటే అక్క పూలు పెట్టుకున్న అన్ని రోజులూ ఆయన లేడు.

అక్క ఏడవలేదు. గోడవైపు తిరిగి కూర్చుంది. మా వాళ్ళు మళ్ళీ వచ్చారు. దేశం కోసం పోయాడన్నారు, పుణ్యం అన్నారు, ఫోటోకు దండ తెచ్చారు. ఎట్ల జరిగిందంట అని అడిగారు. అన్నం ముందు పెడితే అలాగే ఎండిపోయేది. చెయ్యి పట్టుకుంటే విడిపించుకునేది కాదు, పట్టుకునేదీ కాదు. ఆమె మనసు మా మధ్య లేదు. నాకు భయమేసింది. మామ దగ్గరికి పరుగెత్తి చెప్పాను.

మామ లేచి, ఉతికిన చొక్కా వేసుకున్నాడు. నా భుజం మీద చెయ్యి వేసి అక్కవాళ్ళ గుమ్మం దాకా నడిచాడు. ఆ రోజు బండల మీద అలికిడి లేదు. మేస్త్రీ పని ఆపేశాడు.

"చెల్లె, ఇంట్ల పొద్దు పోతలేదు. జర ఈడ కూసోని పైకి సదువుకుంట" అన్నాడు.

కుట్టిన పుస్తకం తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. తలకిందులుగా పట్టుకున్నాడు. నేను సరిచేయలేదు. ఆయన గొంతు సవరించుకుని, మొదటి భాగం మొదటి మాట నుంచి చెప్పడం మొదలుపెట్టాడు. అంతా కంఠతా ఉంది. కాకపోతే ఆ కోస్తా ఇల్లాలు మా ఊరి ఆడమనిషిలా మాట్లాడింది, "ఎప్పుడొస్తవ్?" అని మొగుణ్ణి అడిగింది. కొంతసేపు చెప్పడం, వేలు తడి చేసుకోవడం, ఊరంతా వినపడేట్టు పేజీ తిప్పడం. మళ్ళీ చెప్పడం.

చాలాసేపటికి ఒకచోట, ఆమె ఎర్రచీర కట్టుకుని రేవుకు పోయిందన్నాడు.

"ఎర్రది కాదన్నయ్యా. ఆకుపచ్చది" అంది అక్క, గోడవైపు నుంచే.

ఆ మాట అని, ఇటు తిరిగి, మామ పాదాల దగ్గర తల పెట్టి భోరుమని ఏడ్చింది. మామ పుస్తకం పక్కన పెట్టలేదు. ఒక చెయ్యి ఆమె తల మీద పెట్టి, రెండో చేత్తో పేజీ తిప్పి, ఆకుపచ్చ చీర అని దిద్దుకుని చదువుతూనే ఉన్నాడు. ఆయన చూపులేని కళ్ళలోంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి.

సంక్రాంతికి ముందే అక్కను పుట్టింటికి తీసుకెళ్ళారు. మళ్ళీ నేను చూడలేదు. వెళ్ళేముందు తరువాతి భాగాలు కూడా కలిపి కుట్టి, పుస్తకం మామకు ఇచ్చింది. ఆఖరి భాగం అందులో కుట్టలేదు. మామ చాలా ఏళ్ళు బతికాడు. ఎవరు వచ్చి చదివినా కూర్చుని వినేవాడు. ఆయన తరువాత అది నా దగ్గరికి చేరింది.

ఈసారి జెండా పండుగకు శాలువా కప్పించుకున్నాయన మా కింది అంతస్తులోనే ఉంటాడు. మైకు ముందు ఆయన పెదవులు వణకడం నేను చూశాను. మర్నాడు ఆ పుస్తకం పట్టుకుని వెళ్ళి, "మా ఇంట్లో మనవళ్ళ గోల బాబూ, కాసేపు ఇక్కడ కూర్చుని పైకి చదువుకోనా?" అన్నాను. ఆయన కాదనలేదు. అప్పటి నుంచి రోజూ వెళ్తున్నాను. ఆయనకు కళ్ళు బాగానే కనిపిస్తాయి. అయినా నేను వేలు తడి చేసుకుని, చప్పుడయ్యేట్టే పేజీ తిప్పుతాను. తలుపు చప్పుడయ్యే చోటికి వచ్చేసరికి తిప్పడానికి పేజీ ఉండదు. అక్కడ కాస్త మంచినీళ్ళు తాగి, భర్త తిరిగొచ్చాడనే చదువుతాను.