ఇంకా రాజ్యంలోకి రాని రేడియో

నిన్న బజారులో ఎవరో చెక్కపెట్టె మేకులు పీకుతున్నారు. లోపలి ఎండుగడ్డి వాసనకు నా కాళ్లు ఆగిపోయాయి. గద్వాల స్టేషన్ పక్కన కరోడ్‌గిరి కచేరీ, అక్కడ నా పైఅధికారి దారోగా ఖాదర్ సాహెబ్ గుర్తుకొచ్చారు. నిజాం రాజ్యంలోకి బయటి సరుకు ఏదొచ్చినా వెలను బట్టి సుంకం వసూలు చేసే శాఖ అది. విలాయతీ రేడియో బొంబాయి రేవులో ఒకసారి సుంకం కడుతుంది. అది వెలలో కలిసిపోతుంది. ఆ వెల మీద మళ్లీ మా సుంకం. రాత బాగుందని నాకు గుమాస్తా పని ఇచ్చారు గానీ, సుంకం మీద సుంకం తలకెక్కడం నా తలరాతలో లేదు. సాహెబే ఓపికగా నేర్పారు.

భార్య పోయిన ఆయనకు ఒక్కడే కొడుకు. యుద్ధానికి ఓడెక్కబోతూ బొంబాయి నుంచి బ్యాటరీ రేడియో పంపాడు. "ఓడ కదిలేదాకా ఇక్కడి సిపాయిల ఛావునీలో రోజూ సాయంత్రం వార్తలు వింటాను అబ్బా, మీరూ వినండి. ఒక్కచోట కూర్చున్నట్టుంటుంది" అని ఉత్తరం. తన సరుకుకు తాను వెల కట్టకూడదని సాహెబ్ కాగితం నా ముందుకు తోశారు. బిల్లు లేదు. 'వాడినది' అని రాసి సగం వెల వేశాను.

"ఏందిది నర్సిములూ? కొత్తదాన్ని పాతగ జేసినవ్?"

"మీదే గద సాబ్. ఎవలడుగుతరు?"

"మొన్న వనపర్తి వకీలుసాబ్ గిసోంటిదే తెస్తే ఎంత రాసినవ్?"

పూర్తి వెల రాశాను. జీతం వచ్చేదాకా ఆయన అంత సుంకం కట్టలేరు. ఒకరిని అడగడం ఆయనకు చేతకాదు. పెట్టె సీలుతో గోదాములో ఉండిపోయింది. రోజూ పొద్దుగూకగానే దాని పక్కన కుర్చీ వేసుకుని, వార్తలయ్యే వేళదాకా కూర్చునేవారు.

"ఒక్కపారి ఇప్పి ఇందాం సాబ్. మల్ల సీలేస్త."

"సుంకం కట్టంది రాజ్యంలకు రానట్టే. అది ఇంకా బొంబాయిలనే ఉంది" అని నవ్వారు. "వాని తాననే."

తొమ్మిదో రోజు సుంకం కట్టారు. రేడియో ఇంటికి చేరింది. మర్నాడు సాయంత్రం నేను వెళ్లేసరికి, రెండు రోజుల కిందటి తేదీతో కొడుకు రాసిన మరో ఉత్తరం చదువుతున్నారు. నాకూ వినిపించారు: "ఈ రోజే ఓడెక్కుతున్నాం. ఇన్ని సాయంత్రాలూ మీరు వింటున్నారనుకుంటూ విన్నాను. ఇక మా దగ్గర రేడియో ఉండదు."

"సగమే రాయనిస్తే ఏం బోయేది సాబ్?" అన్నాను.

ఆయన ఉత్తరం మడిచి రేడియో మీట తిప్పారు. "జర సప్పుడు జేయకు. వార్తలొస్తున్నయ్."

తర్వాత ఎన్నో పెట్టెలకు వెల కట్టాను, అన్నిటికీ పూర్తిగానే. రాసేముందు "ఎవరు పంపారు?" అని అడిగేవాణ్ణి. నిబంధనల్లో లేని ప్రశ్న. ఇప్పుడు నాకు పెట్టెలు పంపేవాళ్లు లేరు గానీ, ఎవరింటికి పార్సెల్ వచ్చినా అదే అడుగుతాను. ముసలాయనకు ఆరాలెక్కువని నవ్వుతారు. నేనూ నవ్వుతాను. జవాబు వినేదాకా మాత్రం గుమ్మం దగ్గర్నుంచి కదలను.